సంతకం ఎవరిది? ప్రభుత్వ రంగ ఉద్యోగులు జీతం బేరం ఎలా ఆడాలి

ముందు బీరువాలోంచి మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ బయటికి తీయండి. సంఘం, డిమాండ్లు, సమ్మె నోటీసు, జేఏసీ ఇవన్నీ తర్వాతి సంగతి. ఆ కాగితం మీద సంతకం ఎవరిది, మీ జీతం ట్రెజరీ నుంచి వస్తోందా లేక సంస్థ ఖాతా నుంచా, మీ సర్వీసుకి ఏ రూల్స్ వర్తిస్తాయి, ఈ మూడూ తేలకుండా ఎవరితో బేరం ఆడాలో తేలదు. నేను ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థలో ఇరవై ఏళ్ల పైన పనిచేశాను, అందులో ఏడేళ్లు యూనియన్ బాధ్యతల్లో ఉన్నాను. ఈ చిన్న ముక్క నాకు అర్థమయ్యేసరికి రెండు ఒప్పందాలు చేతిలోంచి జారిపోయాయి. అందుకే దీంతో మొదలుపెడుతున్నా.

మీరు ఎవరి మనిషి?

ప్రభుత్వ రంగం అని ఒకే మాట అంటాం గానీ అందులో నాలుగు రకాల వాళ్లున్నారు. ఒకటి, అచ్చంగా ప్రభుత్వ ఉద్యోగులు: రెవెన్యూ, విద్య, సచివాలయం, ఇలాంటివి. వీళ్ల జీతభత్యాలు పీఆర్సీ (వేతన సవరణ సంఘం) ద్వారా జీవోలో వస్తాయి. రెండు, సంస్థల ఉద్యోగులు: సింగరేణి, ప్రభుత్వ బ్యాంకులు, వైజాగ్ స్టీల్ లాంటివి. ఇక్కడ యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని వేతన ఒప్పందం రాసుకుంటాయి. మూడు, అంగన్‌వాడీ, ఆశా లాంటి స్కీము వర్కర్లు. పని మాత్రం ప్రభుత్వానిదే, వచ్చేది మాత్రం 'గౌరవ వేతనం'. నాలుగు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు. వీళ్లకి పని చెప్పేది ఒకరు, జీతం ఇచ్చేది ఇంకొకరు.

ఒక రకం నుంచి ఇంకో రకానికి మారితే ఏమవుతుందో చూడాలంటే ఆర్టీసీ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2015 మేలో రెండు రాష్ట్రాల ఆర్టీసీ కార్మికులు ఎనిమిది రోజులు సమ్మె చేశారు. చివరికి ఆంధ్రలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, తెచ్చుకున్నారు. అది సంస్థ కార్మికులుగా, గుర్తింపు యూనియన్ ద్వారా చేసిన బేరం. 2020 జనవరి 1న ఏపీఎస్‌ఆర్టీసీ సిబ్బంది దాదాపు 52 వేల మంది ప్రభుత్వంలో కలిసి ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. సంస్థ నష్టాల్లో ఉంది కాబట్టి ఈ నెల జీతం ఆలస్యం అనే బెంగ తగ్గింది, ఉద్యోగానికి సర్కారు ముద్ర పడింది. కానీ తమకంటూ విడిగా వేతన ఒప్పందం రాసుకునే బల్ల మాత్రం పోయింది. ఇప్పుడు అందరితో పాటు పీఆర్సీ కోసం ఎదురుచూడాల్సిందే. లాభమా నష్టమా అన్నది డిపో ముందు టీ కొట్టు దగ్గర ఇప్పటికీ తెగని వాదన. నన్నడిగితే రెండూ నిజమే. మీది ఏ రకమో మాత్రం ఇవాళే తేల్చుకోండి, ఎందుకంటే కింద నేను చెప్పే ప్రతి మెట్టూ దాన్నిబట్టే మారుతుంది.

హక్కు ఎంతవరకు ఉంది

ఇక్కడ చాలామంది ఉత్సాహంగా తప్పు చెప్తుంటారు. "సమ్మె మా రాజ్యాంగ హక్కు" అని గేట్ మీటింగులో మైకు పట్టుకుని అనడం బాగానే ఉంటుంది, కోర్టులో నిలబడదు. రాజ్యాంగం 19వ అధికరణం 1(సి) ఇచ్చేది సంఘం పెట్టుకునే హక్కు. బేరం ఆడే హక్కు, సమ్మె హక్కు దాంతో పాటు ఆటోమేటిక్‌గా రావని సుప్రీంకోర్టు 1961లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పేసింది. మరుసటి ఏడాది బీహార్‌కి చెందిన కామేశ్వర్ ప్రసాద్ కేసులో, ప్రభుత్వ ఉద్యోగులు ఏ రకం ప్రదర్శనా చేయకూడదని గుండుగుత్తగా నిషేధించే రూలు చెల్లదంది. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని ఆ తీర్పులోనే ఉంది. అంటే శాంతియుతంగా ప్లకార్డు పట్టుకుని నిలబడటం వేరు, పని ఆపేయడం వేరు.

2003లో తమిళనాడులో ఏం జరిగిందో పాత ఉద్యోగులకి గుర్తుంటుంది. సమ్మెలో ఉన్న లక్షా డెబ్బై వేల మంది ఉద్యోగులని, టీచర్లని ప్రభుత్వం ఒక్క దెబ్బకి డిస్మిస్ చేసింది. సుప్రీంకోర్టుకి వెళ్తే, ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె చేసే ప్రాథమిక హక్కూ లేదు, చట్టపరమైన హక్కూ లేదు, నైతికమైన హక్కూ లేదు అని తీర్పు వచ్చింది. ఎక్కువమంది క్షమాపణ రాసిచ్చి మళ్లీ చేరాల్సి వచ్చింది. ఆ 'నైతిక' అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ తీర్పు తీర్పే, దాన్ని లెక్కలో పెట్టుకునే మనం నడవాలి.

మరి ప్రభుత్వ ఉద్యోగి బేరం ఎక్కడ ఆడాలి? కేంద్రంలో అయితే 1966 నుంచి జేసీఎం, అంటే ప్రభుత్వం, ఉద్యోగులు కలిసి కూర్చునే ఉమ్మడి సంప్రదింపుల వేదిక, ఉంది. దాని జాతీయ కౌన్సిల్‌కి క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షత వహిస్తారు. అక్కడ మాట కుదరకపోతే జీతాలు భత్యాలు, వారానికి పనిగంటలు, సెలవులు, ఈ మూడు విషయాలు మాత్రం ఆర్బిట్రేషన్‌కి వెళ్తాయి. బదిలీలు, ప్రమోషన్ల గొడవ అక్కడికి పోదు. రాష్ట్రంలో జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఆ పాత్ర పోషిస్తుంది. అక్కడ కూర్చునేది గుర్తింపు ఉన్న సంఘాలే.

సంస్థల కార్మికులకి పరిస్థితి వేరు. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత ట్రేడ్ యూనియన్ల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం రెండూ అందులో కలిసిపోయాయి. బేరం, రాజీ, సమ్మె, అన్నిటికీ అందులో దారి ఉంది. ఇరుకుదారే, కానీ ఉంది. రాజీ అధికారి ముందు కుదిరిన ఒప్పందాన్ని మీ సీనియర్లు "12(3) సెటిల్‌మెంట్" అని పాత సెక్షన్ నంబర్లతో చెప్తుంటారు, ఆ అలవాటు పోవడానికి ఇంకో పదేళ్లు పడుతుంది. వాళ్లని సరిదిద్దే పని పెట్టుకోకండి, విషయం అదే. సూపర్‌వైజర్ హోదాలో నెలకి 18 వేలు దాటి తీసుకునేవాళ్లు ఈ కోడ్ లెక్కలో 'వర్కర్' కాదు, ఇది మాత్రం చూసుకోండి. మా సంస్థలో కమిటీ మెంబరు ఒకాయనకి ప్రమోషన్ ఇచ్చి, అదే చేత్తో బేరం బల్ల నుంచి లేపేశారు. ఆయన స్వీట్లు కూడా పంచాడు పాపం.

సంఘం లెక్క తేల్చండి

కొత్తగా యూనియన్ పెడుతుంటే ఏడుగురు సంతకం పెడితే దరఖాస్తు చేయొచ్చు. కానీ రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ సంస్థలో పదిశాతం మంది లేదా వంద మంది, రెండిట్లో ఏది తక్కువైతే అంతమంది, సభ్యులుగా ఉండాలి. ఎనిమిది వందల మంది ఉన్న సంస్థ అనుకోండి, ఎనభై మంది చాలు. రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు అని మర్చిపోకండి. రిజిస్ట్రేషన్ అంటే మీరు ఉన్నారు అని. గుర్తింపు అంటే మీతో మాట్లాడాలి అని.

కొత్త కోడ్‌లో సంస్థలో ఒకటికి మించి యూనియన్లు ఉంటే, 51 శాతం లేదా అంతకన్నా ఎక్కువ మంది మద్దతు ఉన్న యూనియన్ ఒక్కటే బేరం ఆడుతుంది. ఎవరికీ 51 రాకపోతే, కనీసం 20 శాతం ఉన్న యూనియన్ల ప్రతినిధులతో ఒక కౌన్సిల్ వేస్తారు. మన ఎనిమిది వందల మంది లెక్కలో 51 శాతం అంటే 408, 20 శాతం అంటే 160. ఇప్పుడు మీ సభ్యత్వ రసీదు పుస్తకాలు తెచ్చి ఎక్కడున్నారో చూసుకోండి. 130 దగ్గర ఉన్న యూనియన్లు రెండు విడివిడిగా ఉంటే ఇద్దరూ బయటే నిలబడాలి, కలిస్తే 260తో లోపల కూర్చుంటారు. మనవాళ్లకి ఈ కూడిక తెలియక కాదు, కలిస్తే అధ్యక్షుడు ఎవరు అన్నదగ్గర ఆగిపోతుంది. ఒకసారి వచ్చిన గుర్తింపు మూడేళ్లు, ఇద్దరూ ఒప్పుకుంటే మొత్తం మీద ఐదేళ్ల దాకా ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఘాలకి 1993 రూల్స్ ప్రకారం ఆ కేటగిరీలో 35 శాతం సభ్యత్వం ఉంటే గుర్తింపు వస్తుంది, రెండో సంఘానికి 15 శాతం కావాలి. రైల్వేలో రహస్య బ్యాలెట్ పెడతారు, 2007లో, 2013లో, మళ్లీ 2024 డిసెంబర్‌లో జరిగాయి. సింగరేణిలో కూడా 1998 నుంచి బ్యాలెట్టే. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఒక విచిత్రం జరిగింది: పదకొండు ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ ఆరు గెలిచింది, ఏఐటీయూసీ ఐదే గెలిచింది, కానీ మొత్తం ఓట్లలో ముందున్నది ఏఐటీయూసీ కాబట్టి గుర్తింపు దానికే వచ్చింది. ఏరియాలు గెలిచామని పటాకులు కాల్చే ముందు మొత్తం ఓట్లు లెక్కేసుకోవాలి. ఇవాళ్టికీ నాకు బ్యాలెట్ పద్ధతే సరైనదనిపిస్తుంది. సభ్యత్వ రిజిస్టర్లో ఒకే మనిషి మూడు యూనియన్లలో కనిపించడం మనందరం చూసిందే. లోపలికెళ్లి ముద్ర వేసేటప్పుడు మాత్రం ఒక్కచోటే వేయగలడు.

డిమాండ్ల పత్రం

మా మొదటి పత్రంలో 34 డిమాండ్లు ఉన్నాయి. క్యాంటీన్‌లో సాంబార్ పలచన దగ్గర్నుంచి పెన్షన్ దాకా అన్నీ రాశాం. ఎండీ గారు తాపీగా అన్నీ చదివి, కళ్లజోడు తీసి, "సరే, వీటిలో మీకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఏది?" అని అడిగారు. మేం ఐదుగురం వెళ్లాం. ఐదుగురం ఐదు రకాలుగా చెప్పాం. ఆయన నవ్వలేదు, అదే ఇంకా బాధ. "మీలో మీరు తేల్చుకుని రండి" అన్నారు. ఆ తేల్చుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

కాబట్టి ఇలా చేయండి. డిమాండ్లు ఎన్ని అయినా రాయండి, ఎందుకంటే ప్రతి సెక్షన్ వాళ్లకీ తమ మాట పత్రంలో కనపడాలి, లేకపోతే రేపు గేట్ మీటింగుకి రారు. కానీ కమిటీలో తలుపులు వేసుకుని మూడు పట్టికలుగా పేర్చుకోండి: ఇవి రాకపోతే సంతకం పెట్టం అనేవి, సగం వచ్చినా చాలు అనేవి, ఇచ్చిపుచ్చుకోవడానికి వదిలేసేవి. ఆ మూడో పట్టిక బయటికి పొక్కకూడదు. వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టకండి, సాయంత్రానికల్లా పర్సనెల్ డిపార్ట్‌మెంట్ టేబుల్ మీద ప్రింటవుట్ ఉంటుంది.

తర్వాత ప్రతి డబ్బు డిమాండుకీ ఖర్చు కట్టండి. 1,200 మందికి నెలకి వెయ్యి రూపాయలు పెంచమంటే నెలకి 12 లక్షలు, ఏడాదికి కోటీ 44 లక్షలు. అది బేసిక్‌లో కలిస్తే దాని మీద డీఏ, యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా పెరుగుతాయి. అలవెన్సుగా ఇస్తే సాధారణంగా పెరగవు. అందుకే యాజమాన్యం ఎప్పుడూ అలవెన్సు పేరుతో ఇస్తానంటుంది, మీరు బేసిక్‌లో అడగాలి. సంస్థ లెక్కలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఖాళీ పోస్టులెన్ని, ఓవర్‌టైమ్ మీద ఎంత ఖర్చవుతోంది, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి సర్వీస్ చార్జీ ఎంత కడుతున్నారు, ఇవి అడగండి. మాకు ఒకసారి ఖాళీల వల్ల మిగిలిన జీతం డబ్బే మేం అడిగిన పెంపుకన్నా ఎక్కువని ఆ కాగితంలోనే బయటపడింది. ఆ రోజు చర్చల గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

డిమాండ్ పక్కన ఇంకో గడి గీయండి: ఇది ఇచ్చే అధికారం ఎవరికుంది? ఎండీకా, బోర్డుకా, ఫైనాన్స్ శాఖకా, క్యాబినెట్‌కా? ఇదే ఈ మొత్తం వ్యవహారంలో నేను మీకు గట్టిగా చెప్పదలుచుకున్న మాట. 2019 అక్టోబర్ 5న టీఎస్‌ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేల మంది 26 డిమాండ్లతో సమ్మెకి దిగారు. అందులో మొదటిది సంస్థని ప్రభుత్వంలో విలీనం చేయాలని. అది ఆర్టీసీ యాజమాన్యం చేతిలో లేని విషయం. ప్రభుత్వమేమో కుదరదని తెగేసి చెప్పింది, డ్యూటీకి రానివాళ్లు తమని తామే డిస్మిస్ చేసుకున్నట్టే అంది. 52 రోజుల తర్వాత నవంబర్ 25న సమ్మె విరమించారు. తర్వాత డిపోల్లో యూనియన్ల స్థానంలో వెల్ఫేర్ కమిటీలు వచ్చాయి. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం అదే విలీనానికి అసెంబ్లీలో బిల్లు పాస్ చేసింది, ఎన్నికలకి నాలుగు నెలల ముందు. అంటే డిమాండ్ అసాధ్యమైంది కాదు. సంతకం పెట్టాల్సిన మనిషికి పెట్టాల్సిన అవసరం 2019లో రాలేదు, 2023లో వచ్చింది.

చర్చల గదిలో

లోపలికి ఐదారుగురు వెళ్లండి, మాట్లాడేది ఒక్కరే. ఇంకొకరు రాసుకోవాలి, మాటకి మాట, ఎవరన్నారు, ఎన్ని గంటలకి. మిగతావాళ్లకి ఏదైనా చెప్పాలనిపిస్తే చీటీ రాసి ఇవ్వాలి. ఒకరి మాట మీద ఒకరు పడితే అవతలివాళ్లకి పండగ. ఇంకా కోపం వస్తే బయటికెళ్లి టీ తాగి రండి, చర్చలు వాయిదా అడగడం తప్పేమీ కాదు.

యాజమాన్యం భాషకి ఒక చిన్న నిఘంటువు కావాలి. 'పరిశీలిస్తాం' అంటే లేదు అని. 'సానుభూతితో పరిశీలిస్తాం' అంటే లేదు, కానీ మీ ముందు అనలేను అని. 'సూత్రప్రాయంగా అంగీకరించాం' అంటే డబ్బు మాట ఎత్తకండి అని. 'కమిటీ వేస్తాం' అంటే మీ తర్వాతి కార్యవర్గం చూసుకుంటుంది అని. ఇవి మినిట్స్‌లో (చర్చల రికార్డులో) ఎక్కడ కనిపించినా పక్కన తేదీ రాయించండి: పరిశీలించి ఏ తేదీలోపు నిర్ణయం చెప్తారు? తేదీ లేకపోతే ఆ అంశం ఒప్పుకోలేదు అని రాయమనండి, అది ఇంకా నయం.

బేరం అంటే ఎంత వస్తుందో ఎంత రాదో ముందే తెలియదు కదా. 2022 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూడండి. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి (ఐఆర్) తీసుకుంటున్న ఉద్యోగులకి ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. ఉన్నదానికన్నా తక్కువ ఇవ్వడమేంటని సంఘాలన్నీ పీఆర్సీ సాధన సమితిగా ఏకమయ్యాయి. సమ్మె నోటీసు ఇచ్చాయి, ఫిబ్రవరి 3న చలో విజయవాడకి ఆంక్షలన్నీ దాటుకుని జనం వచ్చిపడ్డారు. రెండ్రోజుల్లో, ఫిబ్రవరి 5న, మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. హెచ్ఆర్ఏ శ్లాబులు మెరుగయ్యాయి, ఐఆర్ రికవరీ చేయబోమన్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉండిపోయింది, టీచర్ల సంఘాలు కొన్ని అసంతృప్తితో బయటికొచ్చాయి. జనం బలం ఉన్న రోజున కూడా ప్రధాన డిమాండ్ కదలలేదు, పక్కనున్నవి కదిలాయి. నాయకులు అమ్ముడుపోయారని తిట్టినవాళ్లున్నారు. మీరు నాయకుడి కుర్చీలో ఉంటే ఆ తిట్లు మీకూ తప్పవు, అందుకే ఏ దశలో ఏం ఇవ్వజూపారో ఎప్పటికప్పుడు సభ్యులకి చెప్తూ ఉండండి. చివరి రోజు ఒక్కసారిగా చెప్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇక తేదీ గురించి. ఇది నా సొంత గాయం. మా వేతన ఒప్పందం రాత్రి పదిన్నరకి తెమిలింది. అప్పటికే బిర్యానీ పొట్లాలు తెప్పించారు, అందరం నీరసించి ఉన్నాం. టైపిస్ట్ తెచ్చిన కాగితంలో 'ఈ ఒప్పందం సంతకం తేదీ నుంచి అమలు' అని ఉంది. మేం మాట్లాడుకున్నది 'పాత ఒప్పందం ముగిసిన మర్నాటి నుంచి' అని. ఆ ఒక్క లైను ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు. తొమ్మిది నెలల ఎరియర్స్ అలా ఆవిరైపోయాయి. అదే బొగ్గు కార్మికుల 11వ వేతన ఒప్పందం చూడండి. సంతకాలు జరిగింది 2023 మే 20న, 19 శాతం పెంపు వర్తించింది 2021 జులై 1 నుంచి. బ్యాంకుల 12వ ద్వైపాక్షిక ఒప్పందం 2024 మార్చి 8న అయితే అమలు 2022 నవంబర్ 1 నుంచి. ఆలస్యం ఎలాగూ తప్పదు, తేదీ వెనక్కి ఉంటే ఆలస్యానికి మీరు డబ్బు పోగొట్టుకోరు. సంతకం ముందు కాగితం గట్టిగా చదివి వినిపించమనండి. ఎంత రాత్రైనా సరే. తిన్నాకే సంతకం, ముందు కాదు.

లేబర్ ఆఫీసు గడప

ఇద్దరి మధ్య తెగకపోతే కార్మిక శాఖకి రాయండి. బొగ్గు గనులు, బ్యాంకులు, రైల్వేలకి కేంద్ర కార్మిక శాఖ అధికారులు. రాష్ట్ర సంస్థలు, మున్సిపాలిటీలకి రాష్ట్ర కార్మిక శాఖ. అక్కడ రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందానికి ఒక గొప్ప గుణం ఉంది: అది ఆ సంస్థలో మీ యూనియన్ సభ్యులకే కాదు, సభ్యులు కానివాళ్లకి, రేపు చేరబోయేవాళ్లకి కూడా వర్తిస్తుంది. బయట ఇద్దరూ కూర్చుని రాసుకున్నదైతే రాసుకున్నవాళ్ల మధ్యే. అందుకే విడిగా మాట కుదిరినా సరే, చివరి సంతకం లేబర్ ఆఫీసులో పెట్టించడం మంచిది.

రాజీ కుదరకపోతే పాత చట్టంలో ప్రభుత్వం రిఫర్ చేస్తేనే ట్రిబ్యునల్‌కి వెళ్లేది. ప్రభుత్వ సంస్థ మీద కేసుని ప్రభుత్వమే పంపాలి, అదెలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు అధికారి రిపోర్టు వచ్చిన 90 రోజుల్లోపు మీరే నేరుగా వెళ్లొచ్చు. కొత్త కోడ్‌లో నాకు నిజంగా నచ్చింది ఇదొక్కటే.

సమ్మె నోటీసు, ఆ తేదీల మెలిక

సంస్థల్లో సమ్మె చేయాలంటే నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, 60 రోజుల్లోపు మొదలుపెట్టాలి. మెలిక ఎక్కడంటే, నోటీసు తర్వాత రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టిన రోజు నుంచి రాజీ ప్రక్రియ మొదలైనట్టే. అది నడుస్తున్నంత కాలం, ముగిశాక ఇంకో ఏడు రోజులు సమ్మె చేస్తే అక్రమం. జూన్ 1న నోటీసు ఇచ్చారనుకోండి. 16న దిగుదాం అని పోస్టర్లు వేశారు. 10న అధికారి చర్చలకి పిలిచాడు. మీ 16 పోయింది. కాబట్టి పోస్టర్లో తేదీ వేసే ముందు ఈ లెక్క చూసుకోండి, 'ఆ రోజు నుంచి ఎప్పుడైనా' అని రాసుకోవడం మేలు. అందరం ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టేద్దాం అనే పాత చిట్కా కూడా ఇప్పుడు పారదు. సగం మంది లేదా అంతకన్నా ఎక్కువ ఒకేరోజు కూడబలుక్కుని లీవ్ పెడితే కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కేస్తుంది. అక్రమ సమ్మెకి వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, నెల దాకా జైలు లేదా రెండూ.

జీతం సంగతి ముందే చెప్పేయండి ఇంట్లో. పనిచేయని రోజుకి జీతం లేదు. సమ్మె చట్టబద్ధమైనదీ, న్యాయమైనదీ రెండూ అయితేనే ఆ రోజుల జీతం అడగొచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగులకైతే కండక్ట్ రూల్స్, డైస్ నాన్ ఉండనే ఉన్నాయి. డైస్ నాన్ పడితే జీతంతో పాటు ఆ రోజులు సర్వీసులో కూడా ఎక్కవు. సమ్మె విరమణ కాగితంలో 'సమ్మె కాలాన్ని సెలవుగా పరిగణించాలి, ఎవరి మీదా కక్ష సాధింపు ఉండకూడదు, కేసులు ఎత్తేయాలి' అన్న అంశం లేకుండా బయటికి రాకండి. ఆఖరి గంటలో జీతాల ఆనందంలో మర్చిపోయేది దీన్నే.

ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, ఇంకో తలనొప్పి. ఆంధ్రాలో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12న సమ్మె మొదలుపెట్టారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కారు గౌరవ సేవకులు అంటారు, పని ఆపితే మాత్రం అత్యవసర సేవ అంటారు. అయినా వాళ్లు కదల్లేదు, 42 రోజులు కూర్చుని చర్చలతో ముగించారు. గ్రాట్యుటీ చట్టం వాళ్లకి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే గుజరాత్ కేసులో చెప్పింది. స్కీము వర్కర్లు ఎక్కడున్నా ఆ తీర్పు కాపీ ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

అసలు సమ్మెకి ముందు మెట్లు చాలా ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకండి. నల్ల బ్యాడ్జీలు, లంచ్ అవర్ ధర్నా, రూల్స్ ప్రకారమే పని, రిలే దీక్షలు. ఇవన్నీ ఎదుటివాళ్లకి బెదిరింపు కోసం అనుకుంటారు గానీ, మనకెంత బలం ఉందో మనమే చూసుకునే పరీక్షలు. వెయ్యి మందిలో బ్యాడ్జీ పెట్టుకున్నది రెండొందల మందే అయితే, సమ్మె నోటీసు ఇంకో నెల వాయిదా వేయండి.

ఔట్‌సోర్సింగ్ వాళ్లకి ఒక ముక్క

మీకు ఆర్డర్ ఇచ్చింది ఏజెన్సీ లేక ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్, పని చెప్పేది మున్సిపల్ కమిషనర్ లాంటి అధికారి. లేబర్ ఆఫీసుకి రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ పెట్టండి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టాలి, ఇది చట్టంలోనే ఉంది. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, హాజరు రిజిస్టర్ పేజీ ఫొటో, యూనిఫారమ్ మీద ఆఫీసు పేరున్న ఫొటో, ఇవి దాచుకోండి. టెండర్ మారి ఏజెన్సీ మారే నెలలో మీ మాట ఎవరికీ వినపడదు కాబట్టి, డిమాండ్ల పత్రం అంతకు రెండు మూడు నెలల ముందే ఇచ్చేయాలి. పర్మినెంట్ వాళ్ల యూనియన్‌లో చేరగలిగితే చేరండి. చేర్చుకోం అంటే గట్టిగా అడగండి, మొహమాటం ఎందుకు, మీ చందా డబ్బు కూడా డబ్బే.

సంతకం అయ్యాక

ఒప్పందం కాగితం నాలుగు కాపీలు తీయించి ప్రతి పేజీ మీదా ఇరువైపులా సంతకం పెట్టించండి. మర్నాడు గేటు దగ్గర మొత్తం చదివి వినిపించండి, సారాంశం కాదు, మొత్తం. ఏది రాలేదో మీరే ముందు చెప్పండి. తర్వాత సంస్థ సర్క్యులర్ వస్తుంది, ప్రభుత్వమైతే జీవో. దాన్నీ ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టి అంశం అంశం టిక్కు పెట్టుకుంటూ పోండి. మాకు ఒకసారి ఒప్పందంలో 'సిబ్బంది అందరికీ' అని ఉన్నది సర్క్యులర్లో 'రెగ్యులర్ సిబ్బందికి' అయి వచ్చింది.

తర్వాతి నెల ఒకటో తారీఖున కమిటీలో ఒకరికి పని అప్పజెప్పండి: స్వీపర్ది ఒకటి, క్లర్క్‌ది ఒకటి, డ్రైవర్ది ఒకటి, కొత్తగా చేరినవాళ్లది ఒకటి, నాలుగు పే స్లిప్పులు తెచ్చి, కొత్త బేసిక్ సరిగ్గా పడిందో లేదో, ఎరియర్స్ ఏ తేదీ నుంచి లెక్కగట్టారో చూసి, తేడా ఉంటే పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా పెట్టి, అవతల ఎవరు తీసుకున్నారో ముద్ర వేయించుకుని తెమ్మనండి.